పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి

ఆ వానాకాలం మా ఇంట్లో అసలు సంగతి ఎవరం నోరు తెరిచి అనలేదు. అన్నదంతా పిల్లి మీదా ఎలుక మీదా పెట్టే అన్నాం.

దానికి కారణం గోడ. మూడో అంతస్తులో మాకున్నవి రెండు గదులు. మా వంటగదికీ పక్కవాళ్ళ పడకగదికీ మధ్య ఉన్నది ఇటుక గోడ కాదు, చెక్క పలక మీద పూసిన సున్నం. అవతల ఆవిడ తుమ్మితే ఇవతల మా అత్తగారు "చిరంజీవ" అనేది. ఆ గోడపక్కావిడ మేం పనిచేసే కుట్టు హాల్లోనే పనిచేసేది. ఇక్కడ విన్నది అక్కడ సూపర్‌వైజరు చెవిలో వేస్తుందని అందరికీ తెలుసు. ఆ సూపర్‌వైజరుకి ఆడవాళ్ళం పెట్టుకున్న పేరు పిల్లి. రబ్బరు బూట్లు వేసుకుని, చప్పుడు లేకుండా వచ్చి వెనక నిలబడతాడు. అతను వస్తున్నట్టు ముందు చూసినవాళ్ళు కత్తెర నేల మీదికి జారవిడవాలి. ఆ చప్పుడు విని మిగతా అరవైమందీ మాటలాపి తలలు దించుకోవాలి. కొత్తగా చేరిన పిల్లలకి మిషను తొక్కడం కన్నా ముందు మేం నేర్పేది కత్తెర జారవిడవడం.

నేను దారాలు కత్తిరించే బల్ల దగ్గర, నా కూతురు కాలర్ల మిషను మీద. మా ఆయన లారీ డ్రైవరు. ఆ వానల్లో పదిహేను రోజులకోసారి మొహం చూపించి వెళ్ళేవాడు. కాబట్టి ఇల్లంటే అత్తయ్యా, నేనూ, పిల్లా.

నాకు మొదటినుంచీ భయం ఎక్కువ. పిల్ల పది నిమిషాలు ఆలస్యమైతే నేను మనసులో ఆసుపత్రి దాకా వెళ్ళిపోతాను. మాడిన వాసన వస్తే అందరూ పక్కింట్లో పాలు పొంగాయనుకుంటారు, నేను చెప్పులు వేసుకుంటాను. అందుకని ఆ రోజు హాల్లో ఏదో కాలుతోందని నేనంటే ఒక్కరూ తల ఎత్తలేదు.

ఇస్త్రీ బల్ల పైనున్న కరెంటు తీగ చెమ్మకి చిటపటమంది. కింద కుప్పపోసిన గుడ్డముక్కలు అంటుకున్నాయి. మంట మోకాలెత్తు కూడా లేదు, పొగ మాత్రం నల్లగా లేచి హాలంతా కమ్మింది. ముందు మెట్ల మీద ఎప్పట్లాగే బట్టల మూటలు. అందరం వెనక తలుపు మీద పడ్డాం. దానికి లోపలివైపు అడ్డంగా ఇనుపపట్టీ, పట్టీకి తాళం. చలికాలంలో ఒక చొక్కాల కట్ట పోయిందని వేసిన తాళం, మళ్ళీ తీసింది లేదు. ముందున్నవాళ్ళు అరచేతులతో తలుపు బాదుతున్నారు. అన్ని చేతుల్లోనూ నా కూతురి చేతి చప్పుడేదో నాకు తెలుస్తూనే ఉంది.

ఇస్త్రీ మామ తడిగుడ్డలు వేసి ఆర్పేశాడు. కాలింది రెండు బుట్టల గుడ్డముక్కలు. పిల్లి వచ్చి, "నాటకాలు చాలు, కూర్చోండి" అన్నాడు. కూర్చున్నాం.

మర్నాడు భోజనాల వేళ బొత్తాల వదిన కదిపింది. ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా బొత్తాల మిషను మీదే ఉంది.

"ఓనరు ప్రతినెలా మొదటి సోమవారం వస్తాడు కదా. అడుగుదాం. పనివేళల్లో వెనక తలుపుకి తాళం వద్దని. అంతే కదా."

"అంతే కదా. అడుగుదాం" అన్నారు అందరూ.

"అయితే ఎవరడుగుతారు?"

డబ్బాల మూతలు పడడం మొదలైంది.

ఇస్త్రీ మామ నవ్వాడు. "ఎలుకల సభలా ఉంది మన వరస. గంట తెచ్చారు, తాడు పేనారు, పిల్లి మెడలో కట్టేవాళ్ళే లేరు."

"నువ్వున్నావుగా మావా. మీసాలు కూడా ఉన్నాయి."

"మీసాలు పిల్లికీ ఉన్నాయమ్మా."

అందరూ నవ్వుతుండగా నా కూతురు, "నేనడుగుతాను" అంది.

నేను గబుక్కున చుట్టూ చూశాను. గోడపక్కావిడ కుళాయి దగ్గర డబ్బా కడుక్కుంటోంది. మా వైపు చూడలేదు. చూడకపోవడం చూస్తేనే నాకు తెలిసిపోయింది.

రెండేళ్ళ కిందట చేతిపట్టీల మిషను మీద ఒక పిల్ల ఉండేది. నీళ్ళగదికి వెళ్ళడానికి అయిదు నిమిషాలు చాలవని ఓనరుతో అంది. ఆ సాయంత్రానికే మానిపించారు. తర్వాత ఆ వీధిలో ఏ హాలువాళ్ళూ ఆ పిల్లని గడప ఎక్కనివ్వలేదు. కొన్నాళ్ళు బస్టాండులో దువ్వెనలు అమ్ముతూ కనిపించింది, తర్వాత అక్కడా కనిపించలేదు. నా కూతురు మాట పూర్తిచేసేలోపు నేను బస్టాండు దాకా వెళ్ళి వచ్చాను.

ఆ సాయంత్రం వంటగదిలో గోడ వైపు ఒక చూపు చూసి, గొంతు తగ్గించి అన్నాను. "ముసలి ఎలుకలన్నీ వెనక్కి తగ్గితే, చిట్టెలుకకి ఎందుకే అంత ఉబలాటం?"

"కలుగు మూసేశాక చిట్టెలుకైనా ఒకటే, పందికొక్కైనా ఒకటే" అంది పిల్ల.

మంచం మీదనుంచి అత్తయ్య కలగజేసుకుంది. ఆవిడకి చూపు తగ్గింది గానీ చెవులు పాము చెవులు. "ఆ కథ ఎందుకు పుట్టిందనుకున్నారు? చేతకాని సలహా ఇవ్వొద్దని పెద్దవాళ్ళు పిల్లలకి చెప్పడానికి పుట్టింది."

"కాదు నానమ్మా. ఎలుకలే ఆ కథ చెప్పుంటే, గంట కట్టినట్టు చెప్పేవి. కట్టలేకపోయాయని చెప్పిందంటే, ఆ చెప్పిందెవరో పిల్లిని పెంచుకునేవాళ్ళే."

"నాకిన్నేళ్ళూ తట్టలేదే" అంది అత్తయ్య. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ నా వైపు ఉంటుందనుకున్నాను.

రోజూ ఇదే. నేను పిల్లనేదో అనాలి, అది నాకేదో అనాలి, మధ్యలో అత్తయ్య ఆ సామెత పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. ఒకరోజు నేను, "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంది. తాగనీ. ఎప్పుడో ఒకప్పుడు ఇంటివాళ్ళే చూస్తారు, మనకెందుకు" అన్నాను.

"పొగ పోయింది కదా అని కళ్ళు మూసుకున్నది మనమమ్మా, పిల్లి కాదు."

ఇంకోరోజు ఇక ఉండబట్టలేక, ఒక నెలపాటు మా చెల్లెలి ఊరు వెళ్ళి ఉండమన్నాను. పిల్ల దారం కొరికి ఉమ్మి, నా వైపు తిరిగింది.

"పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు ఇంకా ఎన్నిచోట్ల తిప్పుతావమ్మా? మూడు బడులు మార్పించావు. ఒకచోట బావి ఉందన్నావు, ఒకచోట కుక్క ఉందన్నావు. మూడోచోట ఏముందో ఇప్పటికీ చెప్పలేదు."

"మూడోచోట మెట్లకి పిట్టగోడ లేదు."

"చూశావా నానమ్మా?"

"నవ్వకే" అంది అత్తయ్య. "పిల్లి చేసేది పిచ్చిపని కాదు. వాసన పట్టి గండుపిల్లి వస్తే కూనల్ని చంపేస్తుంది. అందుకని నోట కరుచుకుని చోటు మారుస్తుంది. ఏడో ఇల్లు చేరేసరికి కూనలకి కళ్ళు తెరుచుకుంటాయి."

"నాకు తెరుచుకున్నాయి. ఇక కిందికి దింపమను."

ఆ మాటకి నేను గిన్నె గట్టిగా పెట్టాను. అవతల మంచం కిర్రుమంది. ముగ్గురం గోడ వైపు చూసి నోళ్ళు మూసుకున్నాం.

అత్తయ్య దగ్గర ఇంకో సామెత ఉండేది. అది మాత్రం ఆవిడ నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పింది. బహుశా నా మొహంలో ఏదో కనిపించి ఉంటుంది, చూపు తగ్గినా.

"పిల్లిని గదిలో పెట్టి కొట్టకూడదంటారు, విన్నావుగా. ఊరికే పుట్టవమ్మాయ్ సామెతలు. ప్రతిదాని వెనకా ఎవరికో దెబ్బ తగిలుంటుంది. మా పెదనాన్న పాలగదిలో పిల్లి దూరిందని తలుపేసి కర్ర అందుకున్నాడు. అది తలుపు చూసింది. కిటికీ చూసింది. రెండూ మూసి ఉంటే ఆయన మొహం చూసింది. పోయేదాకా ఆయన ఎడమ కన్ను సగమే తెరుచుకునేది. తర్వాత మా ఇంట్లో దేన్ని తరమాలన్నా, ముందో తలుపు తీసిపెట్టేవాళ్ళు."

నేను విన్నాను. విన్నమాట నిజం. బుర్రలో మాత్రం వేరే లెక్క నడుస్తోంది. సోమవారానికి ఇంకా ఎనిమిది రోజులు.

ఆ ఎనిమిదిలో మూడు గడిచాక, బల్ల దగ్గర వంగి దారాలు కత్తిరిస్తున్నాను. ఎవరి కత్తెరా పడలేదు. నా వరసలో చివర కూర్చునేది గోడపక్కావిడ. ఆవిడే జారవిడవాలి. మెడ మీద ఎవరిదో ఊపిరి తగిలి తిరిగి చూస్తే పిల్లి.

"మీ ఇంట్లో పిల్లి కథలు బాగా చెప్పుకుంటున్నారట" అన్నాడు.

చేతిలో చొక్కా తడిసిపోయింది, చెమటకి.

"నాకూ ఒకటొచ్చు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. అర్థం తెలుసా?"

"తెలుసండీ."

"మీ అమ్మాయికి తెలుసా?"

"చెబుతానండీ."

"చెప్పు. సోమవారం ఒంట్లో బాగుండకపోతే సెలవు పెట్టమను, నేనేమీ అనను. కాలర్లు కుట్టేవాళ్ళు ఈ వీధిలో అడుగుకొకరు దొరుకుతారు. కాలర్లు కుట్టించుకునే హాళ్ళే తక్కువ." నా చేతిలోంచి చొక్కా తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఎంతో మర్యాదగా మళ్ళీ నా చేతిలో పెట్టి వెళ్ళాడు.

ఇంటికి వచ్చి పిల్ల కాళ్ళు పట్టుకున్నాను. నిజంగానే పట్టుకున్నాను. "లేమ్మా" అంది, అంతే. ఆదివారం సాయంత్రం అద్దం ముందు నిలబడి, అడగబోయే మాటలు లోలోపల చెప్పుకుంటుంటే పెదవులు కదలడం చూశాను. మూడే మాటలు. దానికి మూడేళ్ళప్పుడు, పద్యం అప్పజెప్పేటప్పుడూ అలాగే కదిలేవి.

సోమవారం పొద్దున పిల్ల తల కడుక్కుంటోంది. అత్తయ్య ఇంకా లేవలేదు. నేను డబ్బా సంచిలో పెట్టుకుని, బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, పెద్ద తాళం వేశాను. మేం ఊరికి వెళ్ళినప్పుడు తప్ప వేయని తాళం. నాలుగు మెట్లు దిగి ఆగాను. లోపల నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. దిగిపోయాను.

హాల్లో పిల్లికి నేనే వెళ్ళి చెప్పాను, పిల్లకి జ్వరమని. "అయ్యో పాపం" అన్నాడు. బొత్తాల వదిన నన్ను ఒకసారి చూసి, సూదిలోకి దారం ఎక్కించుకుంది. ఏమీ అడగలేదు. ఇస్త్రీ మామ కూడా అడగలేదు. అందరి మొహాల్లోనూ, అమ్మయ్య ఇక మనం అడగనక్కర్లేదు అనే తేలిక కనిపించింది. నాకూ అదే ఉండాలి. పిల్ల క్షేమంగా ఉంది. ఇంట్లో ఉంది. తాళం వేసిన ఇంట్లో.

తొమ్మిదిన్నరకి మొదలైంది. గ్యాసు కట్టేశానా లేదా? ఆ రబ్బరు గొట్టం పాతబడిందని పిల్ల ఎన్నిసార్లు చెప్పింది? అయినా పిల్ల లోపలే ఉంది కదా, చూసుకుంటుంది. చూసుకుని ఎటు వస్తుంది? కిటికీకి చువ్వలు. మెట్లకి ఒకే తలుపు. పక్కావిడ ఇక్కడే, నా వరసలోనే కూర్చుని ఉంది. కింది అంతస్తులవాళ్ళంతా ఈ వేళకి పనులకి పోయుంటారు. ముసలావిడ పరిగెత్తలేదు. తాళంచెవి నా నడుము దగ్గర గుడ్డసంచిలో, ఒంటికి గుచ్చుకుంటూ.

పదిన్నరకి ఓనరు వచ్చాడు. గొడుగు ముడిచి, మూటల మధ్యనుంచి జాగ్రత్తగా దాటుకుంటూ. మెత్తగా మాట్లాడే మనిషి. కుట్టిన కాలరొకటి వెలుతురుకి పెట్టి చూశాడు. ఎప్పట్లాగే, "అందరూ బాగున్నారా? ఏమన్నా చెప్పేదుందా?" అని అడిగాడు. ఎప్పట్లాగే ఎవరూ ఏమీ అనలేదు. పిల్లి చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

అప్పుడు వినిపించింది ఫైరింజను గంట. పెద్ద రోడ్డు మీదనుంచి మలుపు తిరిగి, హాలు వెనక సందువైపు వెళ్తోంది. మా ఇల్లున్న సందు.

నేను లేచి నిలబడ్డానని నాకు తెలియదు. ఒళ్ళో చొక్కాలు కింద పడ్డాక తెలిసింది.

"ఆ వెనక తలుపు తీయించండి బాబూ" అన్నాను.

ముందునుంచి వెళ్తే మూటలు దాటి, రోడ్డు చుట్టి, పావుగంట. వెనక మెట్లు దిగితే మా సందు రెండు నిమిషాలు. అంతకు మించి నా మనసులో ఏమీ లేదు.

"ఎందుకమ్మా?" అన్నాడు ఓనరు.

ఎందుకో ఎలా చెప్పను? కన్నకూతుర్ని గదిలో పెట్టి తాళం వేసి వచ్చానని అరవైమంది ముందు ఏ నోటితో చెప్పను?

"భయంగా ఉందండీ. తాళం తీయించండి."

"కూర్చో" అన్నాడు పిల్లి.

"తీయించండి బాబూ. మంటొస్తే ఎటు పోతారు లోపలివాళ్ళు? చేతులు పగిలేలా కొట్టినా ఎవరు తీస్తారు?" నేను అడుగుతున్నది మా ఇంటి సంగతి. వాళ్ళు విన్నది హాలు సంగతి.

బొత్తాల వదిన మిషను ఆగింది. తర్వాత పక్కది. హాల్లో మిషన్ల రొద ఒక్కొక్కటే తగ్గుతూ పోయి, బయటి వాన చప్పుడు లోపలికి వచ్చింది.

ఓనరు కాలరు బల్ల మీద పెట్టాడు. "తాళంచెవి తెండి" అన్నాడు.

పిల్లి జేబు తడుముకున్నాడు. రెండో జేబు. బల్ల సొరుగు లాగాడు, పక్క సొరుగు లాగాడు. అందులోంచి సూదులూ, కొలత టేపులూ బయటికి వచ్చాయి. "నిన్న ఇక్కడే..." అన్నాడు. "ఇంటి దగ్గరుండొచ్చు. స్కూటరు పెట్టెలో చూసొస్తాను." మొదటిసారి అతని బూట్లు చప్పుడు చేశాయి, అంత వేగంగా నడిచాడు. ఎంతసేపో. నేను ఒక్కొక్క నిమిషానికీ ఒక్కొక్క రకంగా మా తలుపు వెనక జరిగేది చూశాను. అతను ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు.

ఓనరు అతన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు. అవునని గానీ కాదని గానీ అనలేదు. ఇస్త్రీ మామ లేచి, మూల ఉన్న ఇనుప కడ్డీ తీసుకుని, పట్టీ కింద దూర్చి బరువంతా వేశాడు. మూడో ఊపుకి తాళం పట్టీతో సహా ఊడింది. తలుపు బిగుసుకుపోయి ఉంటే నలుగురు భుజాలు వేశారు. నేను వాళ్ళ చేతుల కిందనుంచే దూరి మెట్లు దిగాను.

సందులో పొగ లేదు, జనం లేరు. ఫైరింజను ఎటో వెళ్ళిపోయింది, ఎటో నాకు ఈనాటికీ తెలియదు. మూడంతస్తులు ఎక్కేసరికి వినిపించింది. అరుపులు కాదు. తలుపు మీద ఒక దెబ్బ, కాస్త ఆగి ఇంకో దెబ్బ. రెండున్నర గంటలుగా కొడుతున్న చేయి ఎలా కొడుతుందో అలా.

తాళం తీశాను. పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. తల తుడుచుకోలేదు, జుట్టు దానంతటదే ఎండిపోయింది. అరచేతులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"టైమెంత?" అంది.

"పదకొండు దాటింది."

చెప్పులు వేసుకుని, నన్ను తగలకుండా పక్కనుంచి దిగిపోయింది. అత్తయ్య మంచం మీద లేచి కూర్చుని ఉంది. ఆ రోజు ఆవిడ నోట ఒక్క సామెత కూడా రాలేదు.

ఆ పట్టీ మళ్ళీ బిగించనివ్వలేదట. మర్నాడు పొద్దున పిల్లి కొత్త తాళం తెస్తే, ఎవరూ మిషను ముందు కూర్చోలేదట. మధ్యాహ్నానికి ఓనరే కబురుపెట్టి, పనివేళల్లో తలుపు తీసే ఉంచమన్నాడట. అన్నీ "అట"లే. పనివేళలో చెప్పకుండా వెళ్ళానని సోమవారం సాయంత్రమే నన్ను మానిపించారు. నా కోసం కూడా పని ఆపుతామని బొత్తాల వదిన వస్తే, వద్దని దండం పెట్టాను. పిల్ల జోలికి మాత్రం ఎవరూ రాలేదు. అడిగింది అది కాదు కదా.

తర్వాత ఒకరి తర్వాత ఒకరు మా ఇంటికి వచ్చేవారు. "అరవైమందిమి ఉండి గంట నీచేత కట్టించాం అక్కా" అని ఒకామె నా చేతులు కళ్ళకద్దుకుంది. గోడపక్కావిడ కూడా వచ్చి, చెప్పకుండా ఒక గిన్నెడు పండ్లు పెట్టి వెళ్ళింది. నేను కూర్చున్నచోట కుంచించుకుపోయేదాన్ని. పిల్ల అక్కడే ఉండేది. అవునని గానీ కాదని గానీ అనేది కాదు. నాతో మాట్లాడేది కాదు. అన్నం పెడితే తినేది, పిలిస్తే వచ్చేది. పందొమ్మిది రోజులు.

వేరే హాలువాళ్ళు ఇంటికే చొక్కాలు పంపితే దారాలు కత్తిరించడం మొదలుపెట్టాను. వానలు వెనకబట్టిన ఒక ఆదివారం కిటికీ దగ్గర కూర్చుని పని చేసుకుంటుంటే, పిల్ల వచ్చి ఎదురుగా కూర్చుంది. కుప్పలోంచి ఒక చొక్కా తీసుకుంది.

"రోజూ అడుగుతున్నారు" అంది చొక్కా వైపు చూస్తూనే. "మీ అమ్మకి అంత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందని."

నా చేయి ఆగిపోయింది. "నువ్వేమన్నావు?"

"తాళం సంగతి చెప్పలేదు."

కింద ఎవరో బండి కడుగుతున్నారు. పిల్ల చొక్కా తిప్పి, రెండో చేతి దారాలు వెతుక్కుంది.

"మరేం చెప్పావే?"

"మా అమ్మకి ధైర్యమేంటి, భయం ఎక్కువ అన్నా."

"ఏమన్నారు?"

"ఒక్కరూ నమ్మలేదు" అని, నా ఒళ్ళోని చొక్కా లాక్కుని, నేను వదిలేసిన దారం కత్తిరించింది.